జనవరి వీరుణ్ణి

మా ఇంట్లో డైరీలకి లోటు లేదండి. బీమా ఏజెంటుని కదా, డిసెంబరు ఆఖరికి కట్టలు కట్టలుగా దిగుతాయి. పాలసీదార్లకి పంచగా మిగిలినవి, ఎరువుల కొట్టాయన ఇచ్చినవి, బ్యాంకులో మొహమాటపెట్టి పట్టుకొచ్చినవి, అన్నీ బీరువా మీద పేర్చి ఉంటాయి. ఏది తీసి చూసినా జనవరి ఒకటో తారీఖు పేజీ నిండా నా దస్తూరీయే. కింద రెండు గీతలు, పక్కన సంతకం కూడా. రెండో తారీఖున సగం పేజీ. భోగి నాటికి తెల్లకాగితం.

అక్కణ్ణుంచి మా ఆవిడ దస్తూరీ మొదలవుతుంది. "పాలు లీటరున్నర." "చాకలికి దుప్పట్లు 4." "గ్యాసు మార్చాం." ఇది డిసెంబరు 31 దాకా ఒక్కరోజు తప్పకుండా నడుస్తుంది. కిందటేడు పాలాయనకీ మాకూ లెక్క తేడా వస్తే, ఆవిడ నా డైరీ తెచ్చి అతని ముందు పెట్టింది. అతను పేజీలన్నీ తిప్పి చూసి, "ఎంత పద్ధతిగా రాస్తారండి మీరు, ఆయ్" అన్నాడు నావైపు తిరిగి. నేను ఖండించలేదు.

డైరీ మొదట్లో పేరూ ఊరూ రాసుకునే పేజీ ఉంటుంది చూశారూ, అదంటే నాకు మహా ఇష్టం. అందులో నింపలేని గడి ఉండదు. పేరు, ఊరు కపిలేశ్వరపురం, రక్తం గ్రూపు, చెప్పుల సైజు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టి మమ్మల్ని కోనసీమలో కలిపినప్పుడైతే పండగే అయింది నాకు. ఆ యేటి డైరీలతో పాటు పాతవి కూడా కిందికి దింపి, తూర్పు గోదావరి అని ఉన్నచోటల్లా కొట్టేసి కోనసీమ అని దిద్దుకుంటూ కూర్చున్నా. ఓ మధ్యాహ్నం అంతా పట్టింది. ఆ రోజు రాసుకున్న పనుల్లో మాత్రం ఒక్కటీ అవలేదు.

నా వృత్తి ఇంకో వింత. ఎవరింటికెళ్లినా అరుగు మీద కూర్చుని, "అరవై ఏళ్లొచ్చాక ఏం చేస్తారండి? ఇప్పుడే ఆలోచించుకోవాలి మరి" అని బెదరగొట్టడం నా పని. అవతలివాళ్ల పాతికేళ్ల తరవాతి సంగతి నాకు క్షుణ్ణంగా తెలుసు. రేపు పొద్దున్న నా బండిలో పెట్రోలుంటుందో లేదో తెలీదు. ఓసారి లంకలోకి వెళ్లి ఒక వంకాయల రైతుకి ముందుచూపు గురించి గంటసేపు చెప్పా. పాపం, ఆయన కరిగిపోయి, "సరేనండి, సంతకం ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు. సంచిలో చెయ్యి పెడితే ఫారాల్లేవు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా ఉంది. ఇద్దరం తిన్నాం.

ఈ యేడు మాత్రం అలా కుదరదనుకున్నా. ఫోన్లో ఒకాయన చెప్పాడండి. పెద్దపెద్ద తీర్మానాలొద్దట. చిన్న అలవాట్లు చాలట. రాత్రి పడుకోబోయే ముందు రేపటి పనులు మూడంటే మూడు రాసుకోవాలి. పొద్దున్న లేవగానే ఓసారి చూసుకోవాలి. అయిన పని పక్కన టిక్కు పెట్టాలి. అంతే. "ఇంతేనా!" అనిపించింది. అక్కడే పట్టుకుంటారు వాళ్లు మనల్ని.

ఆ రాత్రే రాశా. ఒకటి, కరెంటు బిల్లు. రెండు, కొబ్బరి దింపు తీయించాలి. మూడు, బావగారి విషయం. రాసి చూసుకుంటే ఒకే రంగులో వెలవెలబోతోంది. అత్యవసరం ఎర్రసిరాతో, మామూలువి నీలంతో, ఇంటివి ఆకుపచ్చతో ఉండాలి కదా. మర్నాడు మండపేట వెళ్లి పెన్నులు, స్కేలు, పేజీల్లో పెట్టుకునే రంగుల చీటీలు కొన్నా. కొన్నాక పుల్లట్లు తిన్నా. తిన్నాక తెలిసినాయన కనిపిస్తే నిలబడ్డా. ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. కరెంటు బిల్లు మా అమ్మాయి ఫోన్లోంచి కట్టేసిందట, నేను బస్టాండులో ఉన్నప్పుడే.

టిక్కు సంగతి మీకు చెప్పక్కర్లేదు. అది పెట్టేటప్పుడు చేతిలో కలుగుతుందే ఓ హాయి, దానికోసం మనిషి ఎంతకైనా దిగజారతాడు. మూడు పనులూ మిగిలిపోయిన రాత్రి, పేజీ బోసిగా కనిపిస్తుంటే చూళ్లేక పైన ఓ మూడు కలిపా. "స్నానం." "పేపరు చదువుట." "కాఫీ (రెండోది)." వెంటనే మూడు టిక్కులు. మీరూ చేసుంటారు, బయటికి చెప్పరు. మా అమ్మాయి అది చూసి ఏమీ అనలేదు, పెన్ను తీసుకుని కింద రాసి వెళ్లిపోయింది: "ఊపిరి పీల్చుట."

దింపు కథ ఇంకో రకం. కాయలు ముదిరి రాలిపోతున్నాయి. చెట్టెక్కేవాళ్లు దొరకడం ఎంత గగనమో మన వేపు అందరికీ తెలిసిందే. నేను బుధవారం అని రాసుకుని, అతనికి ఫోన్ చేసి, "బుధవారం తొమ్మిదింటికి" అన్నా. "అలాగేనండి, ఆయ్" అన్నాడు. ఆ బుధవారం రాలేదు. తరవాతి బుధవారమూ రాలేదు. ఎర్రసిరాతో రాసినా రాలేదు. మా ఆవిడ మాట్లాడకుండా వాళ్లావిడకి కొత్తావకాయ ఓ సీసాడు పంపించింది. మర్నాడు తెల్లారేసరికి మనిషి చెట్టు మీదున్నాడు. నేను కిందనుంచి, "ఇవాళ శుక్రవారం కదయ్యా!" అన్నా. ఎందుకన్నానో నాకే తెలీదు.

తరవాత టైంటేబులు వేశా. అట్ట మీద గళ్లు గీసి, గోడకున్న వెంకట్రామా క్యాలెండరు చూసి రాహుకాలాలన్నిటికీ నల్లరంగు కొట్టా. సోమవారం 7.30 నుంచి 9, శనివారం 9 నుంచి 10.30, శుక్రవారం 10.30 నుంచి 12, బుధవారం 12 నుంచి 1.30, గురువారం 1.30 నుంచి 3, మంగళవారం 3 నుంచి 4.30, ఆదివారం 4.30 నుంచి 6. దాని మీద వర్జ్యాలు, దుర్ముహూర్తాలు కూడా పరిచేసరికి వారంలో పని చెయ్యడానికి మిగిలింది భోజనాల వేళే. చాలా సంతోషం వేసింది. సోమవారం ఎనిమిదింటికి మా ఆవిడ బియ్యం ఆడించుకు రమ్మంటే పట్టిక చూపించా. ఆవిడ అట్టని పైనుంచి కింద దాకా చదివి, "రాహుకాలం కొత్త పని మొదలెట్టడానికండి. పోయిన నెల చెప్పిన పనికి కాదు" అని బస్తా నా కాళ్ల దగ్గర పెట్టింది.

అట్టతో లాభం లేదు, ఫోన్లో పెట్టుకో నాన్నా, అని సలహా ఇచ్చింది హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి. వాడే దూరంనుంచి ఏదో నొక్కించాడు. పని చెబితే చాలు, అదే రాసుకుని, వేళకి అదే గుర్తు చేస్తుంది. గుర్తు చెయ్యడమంటే టింగుమనడం అనుకున్నానండి. నోటితో చెబుతుందని తెలీదు.

కార్తీకమాసంలో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. బంధువులంతా వచ్చారు. మా బావగారు, అంటే మా ఆవిడ పెద్దన్నయ్యగారు, పట్టు పంచెలో పీటలకి దగ్గరగా కూర్చున్నారు. నాలుగో కథ నడుస్తోంది. పడవలో సరుకేమిటని సన్యాసి అడిగితే ఆకులూ అలములూ అని షావుకారు బొంకే ఘట్టం. అందరూ చేతుల్లో అక్షింతలు పట్టుకుని నిశ్శబ్దంగా ఉన్నారు. నా లాల్చీ జేబులోంచి ఓ ఆడగొంతు, చక్కటి ఉచ్చారణతో, "గుర్తు చేస్తున్నాను. బావగారిని ఇరవై వేలు అడగాలి. మొహమాటపడకూడదు" అంది.

పురోహితుడుగారు ఆగారు. బావగారు నావైపు చూడలేదు, కలశం వైపు చూస్తూ ఉండిపోయారు. నేను జేబు నొక్కేస్తే అది రెండోసారి చెప్పింది. ఈసారి "మొహమాటపడకూడదు" అన్నది మరీ స్పష్టంగా వినిపించింది. వంటింటి గుమ్మంలో మా అమ్మాయి చీర కొంగు నోట్లో కుక్కుకుంటోంది. పీటల మీద నా పక్కనున్న మనిషి మాత్రం తొణకలేదు. "కానివ్వండి పంతులుగారూ, షావుకారు అబద్ధమాడాడన్నారు, తరవాతేమైంది?" అంది.

ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గౌతమి గట్టున పుట్టినవాడికి ఎక్కాల కంటే ముందు ఈ అంకెలొస్తాయి. మా ఇంట్లోనూ మట్టాలు ఇవే. "ఏవండీ" పోయి "ఏమండోయ్" వచ్చిందంటే మొదటి హెచ్చరిక ఎగిరినట్టు. నాతో అనాల్సింది "మీ నాన్నకి చెప్పవే" అని అమ్మాయితో అంటే రెండోది. మూడోదానికి మాటలుండవు, కంచం పెట్టిన చప్పుడొక్కటే. ఆ సాయంత్రం బంధువులు వెళ్లాక మొదటిదీ రెండోదీ లేకుండా నేరుగా మూడోది ఎగిరింది. నేను చాప పట్టుకుని అరుగెక్కేశా.

వారం తిరక్కుండా బావగారు ఇరవై వేలూ తెచ్చి ఇచ్చారండి. మా ఆవిడ చేతికి. "నీకే ఇమ్మని మనసు చెప్పిందమ్మా" అన్నారట. ఫోన్లో ఆ పని పక్కన నేను టిక్కు పెట్టుకున్నా. డబ్బు మొహం మాత్రం నేటికీ చూళ్లేదు.

నాకు ధైర్యం చెప్పిన మహానుభావుడు ఒక్కడే, బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన ఆత్మకథలో ఉంది. మంచి గుణాలు పదమూడు ఎంచుకుని, చిన్న పుస్తకం ఒకటి కుట్టుకుని, గుణానికో పేజీ కేటాయించి, ఎర్రసిరాతో వారానికి ఏడు నిలువు గళ్లు గీసుకున్నాడు (ఎర్రసిరా, గమనించండి). తప్పు చేసిన రోజున ఆ గడిలో ఓ నల్లచుక్క. చుక్కలు చెరిపి మళ్లీ మళ్లీ వాడేసరికి కాగితం చిల్లులు పడిపోయిందట. ఆపైన దంతపు రేకుల మీద రాసుకుని తడిస్పంజితో తుడుచుకోవడం మొదలెట్టాడు. ఆ పదమూడింట్లో ఆయన్ని అన్నిటికంటే ఏడిపించింది ఏదనుకున్నారు? పద్ధతి. ఏ వస్తువు జాగాలో అది పెట్టడం, ఏ పని వేళకి అది చెయ్యడం. అంతటివాడూ ఈ ఒక్కదాని దగ్గర నావల్ల కాలేదని రాసుకున్నాడు.

ఇది చదివిన రోజు నేను ఇంట్లో కొంచెం ఛాతీ విరుచుకుని తిరిగిన మాట నిజమే. భోజనాల దగ్గర అంతా వివరంగా చెప్పా. మా ఆవిడ చారు పోస్తూ శ్రద్ధగా విని, "ఆయనింకేం చేశాడు?" అంది. మెరుపులోని కరెంటు సంగతి తేల్చాడు, పిడుగు పడినా ఇంటికి దెబ్బ తగలకుండా కడ్డీ కనిపెట్టాడు, అమెరికా స్వాతంత్య్ర ప్రకటన మీద సంతకం చేశాడు, అన్నా. "అవన్నీ చేసి, ఇల్లు సర్దుకోడానికి తీరలేదన్నమాట. మీకేం అడ్డొచ్చింది?" అంది.

మా అమ్మాయికి ఇలాంటివాటి మీద చదువుకున్న సమాచారం ఉంటుంది. లండన్‌లో ఫిలిపా లాలీ అనే ఆవిడ, తోటివాళ్లతో కలిసి, 96 మందితో ఒక పరిశోధన చేసిందట. ఒక్కొక్కరూ ఓ చిన్న పని ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో, టిఫినయ్యాక అనో, భోజనానికి ముందు అనో, చేస్తూ పోవాలి. ఆలోచించకుండా చేసెయ్యడం ఎన్నాళ్లకి వచ్చిందో చూశారు. 21 రోజులు చాలని ఫోన్లో చెబుతుంటారు కదా, అది కాదు. తేలింది సుమారు 66 రోజులు. ఒకళ్లకి 18 రోజుల్లోనే పట్టుబడిందిట, ఇంకొకళ్లకి 254 రోజులు పడుతుందని లెక్క తేలిందిట. మధ్యలో ఓ రోజు తప్పినా కొంప మునగదని కూడా చెప్పారట. ఈ చివరి మాట నాకు ఎంతో నచ్చింది. నచ్చి, ఆ రోజు తప్పా. ఆ మర్నాడూ అదే మాట గుర్తు తెచ్చుకున్నా. "నాన్నా, నువ్వు ఆ 96 మందిలో లేకపోవడం సైన్సు చేసుకున్న అదృష్టం. ఆ లెక్క ఇప్పటికీ తేలేది కాదు" అంది మా అమ్మాయి.

బోదె విషయం చెప్పలేదు కదూ. వేసవిలో కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో నీళ్లొదిలేలోగా పొలానికొచ్చే పంట బోదెలో పూడిక తీయించుకోవాలి. రెండు రోజుల పని. నెలల గడువు. కనక తొందర లేదు. ముందు మామిడికాయలొస్తాయి, తరవాత పెళ్లిళ్లొస్తాయి, మధ్యలో ఓ వడగాలి, ఆపైన నీళ్లొస్తాయి. ఏటా నీళ్లే ముందొస్తాయి. కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి పేరు పెట్టేశారు: మనిషి తన పనికి పట్టే కాలాన్ని ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తాడు, ఇదివరకు ఎన్నిసార్లు ఆలస్యమైనా సరే. అందులో కానెమన్‌గారు ఎలా నిర్ణయాలు తీసుకోవాలో నేర్పే పాఠ్యపుస్తకం ఒకటి తోటివాళ్లతో రాయబోయి, రెండేళ్లలో అయిపోతుందనుకుంటే ఎనిమిదేళ్లు పట్టింది. ఇది ఆయనే చెప్పుకున్నాడు. నేను మా గట్టు పక్క రైతుకి చెప్పా. "నోబెలిచ్చారా ఆయనకి? మీకేమిచ్చారండి, గుర్రపుడెక్కా?" అన్నాడు, మా బోదెలోకి చూస్తూ.

ఊరు కూడా నాకు కలిసిరాలేదు. ఇంకో ఊళ్లో అయితే మతిమరుపుకి కొంత మర్యాద దక్కేదేమో. మా ఊళ్లో 1973 నుంచీ సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. ఆడపిల్లలు అక్కడ హరికథ నేర్చుకుంటారు. పాట, పద్యం, వచనం, మధ్యలో పిట్టకథ, కాలికి గజ్జె, చేతికి చిడతలు. గంటల తరబడి చెబుతారు, చేతిలో చీటీ ముక్క ఉండదు. అలాంటి చోట నేను బజారుకెళ్లి, వాకిలి దాటక ముందే ఇంటికి ఫోన్ చేసి, "మూడోదేవిటన్నావ్?" అంటాను. "కథ ఎక్కడ ఆపారో చెప్పండి, అక్కణ్ణుంచి అందిస్తా" అంటుంది మా ఆవిడ.

ఆవిడ పద్ధతి నేను చాలాకాలం గమనించలేదండి. ఎక్కడా రాయదు, పాల లెక్క తప్ప. రాత్రి పదింటికి మినప్పప్పు నానబోస్తే మర్నాటి పొద్దు ఖరారైపోయినట్టే, దానికి టిక్కూ ఎర్రసిరా అక్కర్లేదు. మరీ గుర్తుంచుకోవలసింది ఉంటే చీర చెంగున ఓ ముడేస్తుంది. పనవగానే విప్పేస్తుంది. చార్జింగు గొడవ లేదు, బావగార్ల ముందు నోరు విప్పదు.

మొన్న శనివారం నేనూ అదే పట్టా. రాత్రి ఆవిడ ఏదో తెమ్మంటే, ఫోనూ డైరీ రెండూ పక్కనపెట్టి, తువ్వాలు చివర గట్టిగా ముడేశా. పొద్దున్న లేచి చూస్తే ముడి ఉంది. దేనికో గుర్తు లేదు. అడగడానికి నామోషీ. తువ్వాలు భుజాన వేసుకుని, ముడి ఆవిడ కంట పడేలా రెండుసార్లు వంటింట్లోకి వెళ్లొచ్చా. "మెంతులు, జీలకర్ర. మండపేటలోనే తెండి, ఇక్కడివి బాగోవు" అంది, వెనక్కి తిరక్కుండానే.

వెళ్లా. రెండూ తెచ్చా, నమ్మండి. ఒక్కటీ మర్చిపోలేదు, పెన్నుల కొట్టు వైపు కూడా చూళ్లేదు. గెలిచి వచ్చినవాడిలా వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీస్తే, మెంతులు నిండుగా ఉన్నాయి. పక్క డబ్బాలో జీలకర్ర కూడా.

"ఇవెప్పుడొచ్చాయే?" అన్నా.

"గురువారం. అమ్మాయి తెచ్చింది."

"మరి నన్నెందుకు పంపించావ్, ఎండలో?"

"బీరువా మీద దులుపుకోవాలండి. మీరు ఇంట్లో ఉంటే ఒక్కో డైరీ తీసి చదువుతూ కూర్చుంటారు. మొన్ననే అనుకున్నాం, శనివారం మిమ్మల్ని మండపేట పంపించాలని" అంది మా ఆవిడ. అమ్మాయి ఫోన్ తీసి, నాకు కనబడేలా టిక్కు పెట్టుకుంది.